జమ్మలమడుగు దారిలో ఒక ఫిర్యాదు

గండికోట చూద్దామని బయలుదేరాను. ఆ వైపు రెండుసార్లు వెళ్ళొచ్చాను గానీ కోట మాత్రం చూడలేదు. చూసినవల్లా రెండు పోలీస్ స్టేషన్లు, ఒక బందోబస్తు షామియానా, ఒక కోర్టు వరండా. ముందు ముందు ఆ దారిన వెళ్ళేవాళ్ళకు ఏ కాస్తయినా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. స్టేషన్ల పేర్లు రాయడం లేదు. అక్కడ పనిచేసేవాళ్ళలో నాకు చెడ్డవాళ్ళెవరూ కనిపించలేదు. ఇప్పటికీ మింగుడుపడనిది ఆ సంగతే.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఒంటరి మనిషిని. ఏడాదికోసారి శీతాకాలంలో ఒక సంచీ సర్దుకుని ఎటో ఒకవైపు పోవడం అలవాటు. ఆ ఏడు సాయంత్రం బస్సెక్కితే తెల్లవారి ఆరుంబావుకు ప్రొద్దుటూరులో దిగాను. బస్టాండుకు ఎదురుగానే లాడ్జి. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చిస్తారు. స్నానం చేసి పక్క సందులో కారం దోశ తిన్నాను. దోశ మీద ఎర్రగా పూసిన కారం, దాని మీద పప్పుల పొడి. కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి, అయినా రెండోది అడిగాను. లాడ్జి మేనేజరే కారు మాట్లాడిపెట్టాడు. జమ్మలమడుగు, గండికోట, మైలవరం డ్యాము చూపించి సాయంత్రానికి తెచ్చి దింపాలి. మర్నాడు పులివెందుల వైపు.

తొమ్మిదింబావుకు కారు వచ్చింది. డ్రైవరు పేరు మస్తాన్. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, మాట నెమ్మది. కారు అతనిది కాదు, బావమరిదిది. చాపాడు నుంచి వచ్చి ప్రొద్దుటూరులో అద్దెకుంటున్నాడు. ఊరు దాటీ దాటగానే తనే చెప్పాడు.

"ఈ బాడుగలు ఇంగ నెల దినాలే మేడమ్. కువైట్ పోతాండా. ఒక ఇంట్లో డ్రైవరు పని. మా మామ కొడుకు ఆడనే ఉండాడు, వాడే వీసా తీయించినాడు. మెడికల్ అయిపోయింది. పోలీసోళ్ళ క్లియరెన్స్ ఒగటి వస్తే టికెట్ కొట్టిస్తారు."

"ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు?"

"షమీమ్ ఏడుస్తాంది, మల్ల నవ్వుతాంది. పాప అయితే ఇమానం బొమ్మలు గీస్తాంది."

రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి చేలు, శనగ పైరు. మంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. తొమ్మిదీ ముప్పై అయిదుకు, జమ్మలమడుగు ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉందనగా, ఎడమవైపు చేలదారి నుంచి ఒక మోపెడ్ రోడ్డు మీదికి ఎక్కింది. వెనక మందు కొట్టే డబ్బా కట్టి ఉంది. మస్తాన్ బ్రేకు తొక్కి కుడికి కోశాడు. కారు ఎడమ మూల మోపెడ్ వెనక చక్రానికి తగిలింది. మోపెడ్, దాని మీద మనిషి, డబ్బా మూడూ మూడు వైపులా పడ్డాయి.

నేను దిగేసరికే మస్తాన్ ఆ మనిషిని లేపి కూచోబెట్టాడు. డెబ్బైకి దగ్గరపడ్డ రైతు. మోచెయ్యి చీరుకుపోయింది, మోకాలి దగ్గర పంచె చిరిగి రక్తం కనిపిస్తోంది. తల బాగానే ఉంది. మా కారు ఎడమ లైటు పగిలింది, బంపరు ఊడి వేలాడుతోంది.

"నాదేలేప్పా తప్పు," అన్నాడు ఆయన, మస్తాన్ భుజం పట్టుకుని. "చూసుకోకుండా ఎక్కించినా. నువ్వు తిప్పబట్టి సరిపోయింది. లేకుంటే పోయుందును."

ఆయన పేరు సుబ్బారెడ్డి. కారులో ఎక్కించుకుని పదింబావుకు జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కట్టు కట్టారు, సూది వేశారు, ఎముకలకేం కాలేదన్నారు. మస్తాన్ మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్ళి మోపెడ్ హ్యాండిల్ సరిచేయించి తెచ్చాడు. పదకొండు గంటలకు సుబ్బారెడ్డి గారు మాతో టీ తాగి లేచారు.

"చేని కాడ కూలోళ్ళు ఉండారు. మందు కొట్టాల. వస్తానమ్మా," అని కుంటుకుంటూ మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయారు.

నిజానికి అంతటితో అయిపోయింది. అక్కడి నుంచి గండికోట అరగంట ప్రయాణం.

కానీ నేను మస్తాన్‌తో, "స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి వెళ్దాం," అన్నాను. నా లెక్క నాకుంది. కారు అతనిది కాదు. లైటుకూ బంపరుకూ ఇన్సూరెన్సు రావాలంటే పోలీసు కాగితం ఉండాలి. పైగా రేపెప్పుడో ఆ పెద్దాయన తరఫువాళ్ళు వచ్చి, గుద్ది పారిపోయాడంటే? ముప్పై ఏళ్ళు పుస్తకం లోపలికి వస్తే ఒక నమోదు, బయటికి పోతే ఒక నమోదు అన్న పద్ధతిలో బతికినదాన్ని. కాగితం మీద ఉన్నదే మనల్ని కాపాడుతుందని గట్టిగా నమ్మేదాన్ని.

మస్తాన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "వద్దు మేడమ్. ఆయనే తప్పు నాదన్న్యాడు గదా. మా బావమరిదికి నేను చెప్పుకుంటా."

"నువ్వు తప్పు చేయనప్పుడు భయం దేనికి?"

"భయం కాదు. క్లియరెన్స్ ఉండాది గదా నాకు. స్టేషన్ మాట ఎందుకని."

"దాచిపెడితేనే ఇబ్బంది. మనమే వెళ్ళి చెబితే ఏముంది?"

అతను ఇంకోసారి అడ్డు చెప్పలేదు. నా వయసుకు ఇచ్చిన మర్యాద అది. కారు మాట్లాడుకున్నదాన్ని కూడా నేనే. అప్పుడు దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

పదకొండూ నలభైకి మొదటి స్టేషన్‌కు వెళ్ళాం. గేటు పక్కన వేపచెట్టు కింద పాత మోటారు సైకిళ్ళు, చక్రాల్లేని ఒక ఆటో. లోపల ఒక హెడ్ కానిస్టేబుల్ అన్నం డబ్బా విప్పబోతున్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"మనిషి యాడుండాడు?"

"ఇంటికి వెళ్ళాడు."

"మరింగేంది? పొండమ్మా. కోటకు పోవల్లంటిరి గదా, ఎండెక్కుతాంది."

"రాసుకోండి సార్. మాకొక రసీదు ఇస్తే చాలు."

ఆయన డబ్బా మూత మళ్ళీ పెట్టి, ఎక్కడ జరిగిందని అడిగాడు. దారిలో ఉన్న కల్వర్టుకు ప్రొద్దుటూరు వైపున అన్నాను. "ఆ కల్వర్టు దాకనే మా లిమిట్స్. అవతలంతా వేరే స్టేషన్‌ది," అన్నాడు. పని తప్పించుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండింది. బయటికి వచ్చాక మస్తాన్, "ఆయన పొమ్మని రెండు తూర్లు చెప్పినాడు మేడమ్," అన్నాడు. నేను కారెక్కి కూచున్నాను.

ఒంటిగంటకు రెండో స్టేషన్. ఎస్సై లేరు. ముఖ్యమైనవాళ్ళెవరో వస్తున్నారని పులివెందులలో బందోబస్తు, సగం మంది అక్కడే ఉన్నారు. రైటరు ఉన్నాడు. స్టేషన్‌లో కాగితాల పనంతా చూసే కానిస్టేబుల్‌ని రైటరంటారు. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలకు దారం కట్టుకున్నాడు. కూచోమన్నాడు. బల్ల మీద మా పక్కన ఒక ముసలామె, ఒడిలో పాస్‌బుక్కుల సంచీ.

"ఎప్పట్నుంచి కూచున్నారు?" అని అడిగాను.

"నిన్నట్నించి వచ్చిపోతాండా తల్లీ. గొర్రెలు పోయినాయి. రాయల్లంటే అవి ఏ ఊర్లో పోయినాయో తెలియల్లంట. అది తెలిస్తే నేనే పోయి తెచ్చుకోనా?"

రెండున్నర, మూడు, మూడుంబావు. రైటరు ఫోన్లు మాట్లాడుతున్నాడు, లోపలికి పోతున్నాడు, వస్తున్నాడు. మస్తాన్ బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బావమరిది నుంచి ఫోన్లు వస్తుంటే ఎత్తి, రెండు మాటలు చెప్పి పెట్టేస్తున్నాడు. మధ్యాహ్నం భోజనం లేదు. నాలుగు గంటలకు నేను లేచి వెళ్ళి, ఇంతసేపు కూచోబెట్టడం ఏం న్యాయమని అడిగాను. గొంతు కొంచెం పెంచే అడిగాను. రైటరు నా ముఖం కాసేపు చూసి తెల్లకాగితాలు తీసి ఇచ్చాడు.

"రాయండమ్మా. మీ చేత్తోనే రాయండి."

రాశాను. ఎన్ని గంటలకు బయలుదేరామో, మంచు ఎలా ఉందో, మోపెడ్ ఏ వైపు నుంచి వచ్చిందో, అతను ఎలా తప్పించబోయాడో, ఆస్పత్రి, కట్టు, అన్నీ. రైటరు పైకి చదివాడు. "స్పీడు ఎంతనో రాయలేదే," అన్నాడు. ముందు సీట్లో కూచున్నాను గనక ముల్లు నేను చూశాను. డెబ్బై దాటి ఉంది. ఆ రోడ్డు మీద అందరూ అలాగే పోతున్నారు. "కారు కాస్త వేగంగానే వెళుతోంది" అని చివర ఒక వాక్యం చేర్చాను.

అతను అది రెండుసార్లు చదివాడు. "ఇది ఉంచాల్నామ్మా?"

"ఉన్నది ఉన్నట్టు రాశాను."

"ఉండేది ఉండేట్టే. ఉంచాల్నా అని అడుగుతాండా."

పొద్దుటి దోశ తర్వాత తిండి లేదు, తల పగిలిపోతోంది. ఆ అడగడంలో నాకు మోసం కనిపించింది. ఏదో మార్పించడానికి చూస్తున్నాడనుకున్నాను. ఉంచమన్నాను. సంతకం చేశాను. రసీదు లేకుండా కదలనన్నాను. రైటరు నిట్టూర్చి రిజిస్టరు తెరిచాడు. వరస నంబరు వేసి, అదే నంబరు చిన్న కాగితం మీద రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. దాన్ని సంచీలో పెట్టుకున్నప్పుడు ఆ రోజుకు మొదటిసారి నాకు తృప్తిగా అనిపించింది. ఇది ఇక్కడ దాచకుండా రాయాలి.

తర్వాత రైటరు బయటికి వచ్చి మస్తాన్ దగ్గర లైసెన్సు తీసుకున్నాడు, కారు తాళాలు తీసుకున్నాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా బండి స్టేషన్‌లోనే ఉండాలట. ఎప్పుడొస్తాడంటే, "వచ్చినప్పుడు," అన్నాడు. కారును వెనక ఆవరణలోకి తోసి పెట్టించారు. అక్కడున్న బళ్ళ ఇంజన్ల సందుల్లోంచి గడ్డి మొలిచి ఉంది. మస్తాన్ ముందు సీటు పక్కన పెట్టుకున్న నీళ్ళ సీసా, తువ్వాలు తీసుకుని తలుపు నెమ్మదిగా వేశాడు.

సాయంత్రం ఆరున్నర బస్సుకు ప్రొద్దుటూరు వచ్చాం. పక్కపక్కనే కూచున్నాం. ముప్పావుగంటలో అతను ఒక్కటే అడిగాడు. "మేడమ్, దాన్ని కేసంటారా? ఉత్త కాగితమేనా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

రాత్రంతా ఆలోచించి, మర్నాడు పొద్దున్నే అతనికి ఫోన్ చేశాను. ఎస్సై గారినే కలిసి, ఇది కేసు కాదు, ఉత్త సమాచారమేనని చెప్పి, కారు విడిపించుకుందామన్నాను. ఏడుంబావుకు ముద్దనూరు బస్సెక్కాం. అక్కడ మారి పులివెందుల బస్సు. ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు పొగమంచులోంచి పైకి కనిపించాయి. తర్వాత నేల ఎర్రబడుతూ, చీనీ తోటలు, అరటి తోటలు మొదలయ్యాయి. మామూలుగా అయితే ఆ దారి గురించి రెండు పేజీలు రాసేదాన్ని.

ముద్దనూరులో ఎక్కిన ఒకాయన, ఎరువుల సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎక్కడికని అడిగాడు. మస్తాన్ చెప్పాడు. ఆయన విని, నా వైపు తిరిగి, "మీది ఏ ఊరమ్మా?" అన్నాడు.

"గుంటూరు."

"ఓ," అన్నాడు. పులివెందుల వచ్చేదాకా ఆ "ఓ" నా పక్కనే కూచుంది.

పదీ నలభైకి దిగాం. రోడ్లకు అడ్డంగా కట్టెలు కట్టారు, ప్రతి మూలా పోలీసులే. ఎవరిని అడిగినా ఇంకొకరిని చూపించారు. చివరికి ఒక ఖాళీ స్థలంలో షామియానా కింద ఎస్సై గారు దొరికారు. దొరికారంటే దూరం నుంచి కనిపించారు. ఇప్పుడు కాదు, కాసేపాగండన్నారు. రోడ్డు పక్క అరుగు మీద కూచున్నాం. పన్నెండు అయింది, ఒంటిగంట అయింది. పెద్ద కార్లు వరసగా పోయాయి. ఎవరో చేతులూపారు. జనం కేకలు వేశారు. మస్తాన్ ఎదురు బండి దగ్గర ఉగ్గాని పొట్లం కట్టించి తెచ్చి నాకిచ్చాడు. తను తినలేదు.

రెండు దాటాక పిలిచారు. ఎస్సై చిన్నవాడే, ముప్పై అయిదు లోపు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడు రోజులుగా నిద్ర లేదని తనే అన్నాడు. పులిహోర తింటూ, రైటరు ఫోన్లో పంపిన నా కాగితాన్ని పెద్దది చేసుకుని చదివాడు. చదివి, పొట్లం పక్కన పెట్టాడు.

"ఈ చివరి మాట ఎవరు రాయమన్నారమ్మా మిమ్మల్ని?"

"ఎవరూ కాదు. నేనే రాశాను."

"దెబ్బ తగిలిన మనిషి ఉన్నాడు. ఆస్పత్రిలో చీటీ ఉంది. వేగంగా నడిపాడని పక్కన కూచున్నవాళ్ళే రాసి సంతకం పెట్టారు. ఇది నేను కేసు కట్టకపోతే రేపు నన్నడుగుతారు, ఎందుకు కట్టలేదని."

"అంత వేగమేం కాదండీ. మామూలుగా పోయే వేగమే. చించేయండి, ఇంకోటి రాసిస్తాను."

"నంబరు పడిందమ్మా."

"రసీదు వెనక్కి ఇచ్చేస్తాను." సంచీలోంచి తీశాను కూడా.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "రిజిస్టర్లో నంబర్లు వరసగా ఉంటాయి. మధ్యలో ఒకటి మాయమైతే నా ఉద్యోగం పోతుంది. మా రైటరు మిమ్మల్ని మూడు గంటలు ఎందుకు కూచోబెట్టాడనుకున్నారు? లేచి వెళ్ళిపోతారేమోనని."

మస్తాన్ నా వెనక నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా చేతులు కట్టుకుని ఉన్నవాడు ముందుకు వచ్చి, "సార్, నేను కువైట్ పోవల్ల. క్లియరెన్స్‌కు పెట్టుకున్నా. మెడికల్ మూడు నెలలే ఉంటాది," అన్నాడు. గొంతు ఏమీ పెంచలేదు.

ఎస్సై అతని వైపు చూసి, తర్వాత ఎటూ చూడకుండా, "ముందే ఎవరితోనైనా ఫోన్ చేయించి ఉంటే బాగుండేదప్పా," అన్నాడు. ఎవరో పిలిస్తే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సగం తిన్న పులిహోర అక్కడే ఉండిపోయింది.

తిరిగి వచ్చే బస్సులో సుబ్బారెడ్డి గారి నంబరు కనుక్కుని ఫోన్ చేశాం. మేం రెండో స్టేషన్‌కు చేరాం. ఆయన సాయంత్రం అయిదు గంటలకు కట్టుతోనే మోపెడ్ మీద స్టేషన్‌కు వచ్చారు. తప్పు తనదేననీ కేసు వద్దనీ రైటరుతో వాదించారు. రైటరు ఓపికగా విన్నాడు.

"పెద్దాయనా, నువ్వు పెట్టిన కేసు కాదు ఇది, నువ్వు తీసుకునేకి. ఈమె పెట్టింది. ఈమె కూడా తీసుకునేకి లేదు. ఇంగ కోర్టులోనే."

"మరి నా దెబ్బ నాది కాదా?" అన్నారు సుబ్బారెడ్డి గారు.

ఎఫ్ఐఆర్ నకలు నా చేతికి ఇచ్చారు. ముద్దాయి గడిలో మస్తాన్ పేరు, వాళ్ళ నాన్న పేరు, చాపాడు ఊరి పేరు. ఫిర్యాది గడిలో నేను.

ఆ రాత్రి బస్సుకే టికెట్టు తీసుకున్నాను. ప్రొద్దుటూరు బస్టాండుకు మస్తాన్ రాలేదు. అతని భార్య షమీమ్ వచ్చింది, పాపను చంకనెత్తుకుని. బస్సులో మరిచిపోయిన నా శాలువా తెచ్చింది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"మా ఆయన చెప్పినాడు," అంది. "మీరు రాసినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదంట."

శాలువా మడత నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత మూడు నెలలు ఫోన్లు చేశాను. మొదట్లో మస్తాన్ ఎత్తేవాడు. కారు పద్దెనిమిది రోజులకు విడిచారు. బావమరిది తాళాలు మళ్ళీ అతనికివ్వలేదు. క్లియరెన్స్‌లో కేసు నడుస్తోందని రాశారు. తెలిసిన వకీళ్ళనందరినీ అడిగాను, పెద్ద ఆఫీసులకు ఉత్తరాలు రాశాను. ప్రతి ఉత్తరానికీ రసీదు వచ్చింది, పని మాత్రం ఏ ఒక్కదానివల్లా కాలేదు. మెడికల్ గడువు దాటిన వారం నుంచి అతను ఫోన్ ఎత్తడం మానేశాడు.

వానాకాలంలో సమన్లు వచ్చాయి. జమ్మలమడుగు కోర్టులో మొదటి సాక్షిని నేనే. మళ్ళీ అదే బస్సు, అదే లాడ్జి. ఉదయం తొమ్మిదింటికి ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కితే పది లోపే దింపుతుంది. పెన్న కనిపించిన చోట నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. కల్వర్టు ఎప్పుడు దాటిందో చూడకూడదనుకున్నాను, చూశాను.

కోర్టు వరండాలో మస్తాన్ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చొక్కా నిండా తెల్లటి దుమ్ము మరకలు. సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలే టిప్పరు నడుపుతున్నాడట, డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. నమస్కారం పెట్టాడు. వీసా సంగతి అడిగితే, "దాని మీద మా మామ కొడుకు ఇంగొకర్ని పిలిపించుకున్న్యాడు. ఇంగ ఆ మాట వద్దులే మేడమ్," అన్నాడు.

అతని వకీలు నన్ను పక్కకు పిలిచాడు. నడివయసు మనిషి, గొడుగు చంకలో పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడాడు. "పెద్దాయన ఎట్లాగూ తన తప్పేనంటాడు. మిగిలింది మీరొక్కరే. వేగం సంగతి గుర్తు లేదనండి చాలు. మీరు ఉందంటే శిక్ష పడుతుంది. జరిమానానే కావచ్చు, కానీ శిక్ష పడినోడంటారు జీవితాంతం."

"నేను ప్రమాణం చేసి చెప్పాలి కదండీ."

"అందరూ ప్రమాణం చేసే చెబుతారమ్మా," అన్నాడు.

పదిన్నరకు కూచున్నవాళ్ళం, మూడూ యాభైకి పిలుపు వచ్చింది. మెజిస్ట్రేటు చిన్న వయసు అమ్మాయి, మా కాలేజీలో చదువుకున్న పిల్లల్లా ఉంది. ప్రమాణం చేశాను. ప్రభుత్వం తరఫు వకీలు నా ఫిర్యాదు చూపించి, సంతకం మీదేనా అన్నాడు. నాదే అన్నాను.

"కారు కాస్త వేగంగానే వెళుతోందని రాశారు. నిజమేనా?"

ముల్లు ఎక్కడుందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. డెబ్బైకీ డెబ్బై అయిదుకూ మధ్య. అద్దం మీద తడి, కుడి మూల ఒక చిన్న బీట.

"గుర్తు లేదండి," అన్నాను.

"మీరే రాశారు కదమ్మా."

"ఆ రోజు కంగారులో రాసి ఉంటాను. ఇప్పుడు గుర్తు లేదు."

సాక్షి ఎదురు తిరిగిందని ప్రకటించమని ఆయన కోరాడు. మెజిస్ట్రేటు నన్ను చూసింది. "ఏం ఉద్యోగం చేసేవారు మీరు?"

"లైబ్రేరియన్‌ని."

ఆమె తల వంచి రాసుకుంది. ఆ రాయడం చాలాసేపు సాగినట్టు అనిపించింది. నా తర్వాత సుబ్బారెడ్డి గారు బోను ఎక్కి, తప్పు తనదేనని గట్టిగా, అడిగినదానికన్నా ఎక్కువే చెప్పారు. పోలీసుల సాక్ష్యాలు ఇంకో వాయిదాకు పెట్టారు. నిలిచే కేసు కాదని, మళ్ళీ నేను రానక్కర్లేదని వకీలు చెప్పాడు. అతను చెప్పినట్టే రెండు నెలల తర్వాత కొట్టేశారు.

కోర్టు బయట మస్తాన్ ఆటో పిలిచి నన్ను ఎక్కించాడు. నేను ఏదో అనబోయాను. క్షమాపణ అనే మాట ఎన్నిసార్లు మనసులో పేర్చుకున్నానో లెక్కలేదు. అతను ఆటోవాడితో, "పెద్దామె. నిదానంగా తీస్కపో అప్పా," అని చెప్పి, నాతో, "మీ మనసులో చెడ్డ లేదు మేడమ్. నాకు తెలుసు. కానీ తెలిసి ఏం చేసుకోవల్ల?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అడిగాడు. డ్యూటీకి టైమవుతోందని గబగబా నడిచి వెళ్ళిపోయాడు.

అయిదున్నరకు నంద్యాల బస్సు దొరికింది, అక్కడి నుంచి గుంటూరుకు రైలు. ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఇదే తేలిక దారి. జమ్మలమడుగులో ఉండటానికి లాడ్జిలు ఉన్నాయి, సంగటి బాగుంటుంది, మనుషులు పలకరిస్తారు. ఊరు గురించి ఇంతకంటే చెప్పగలిగింది నా దగ్గర లేదు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పాలని ఈ కథనం మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చాక చూస్తే, పోలీసులకు చెప్పండనీ చెప్పలేను, చెప్పొద్దనీ చెప్పలేను. దెబ్బ తిన్నవాడికి వైద్యం చేయించి, అతని మాట విని, ఇంటికి పంపాం. చేయవలసింది అక్కడికి అంతా అయిపోయింది. ఆ తర్వాత నేను చేసిందంతా నాకోసం చేసుకున్నదే.

బస్సులో నా పక్కన ఒకామె కూచుంది. మల్లెపూలు, టిఫిన్ క్యారియరు, నంద్యాలలో కూతురింటికి పోతోంది. కాసేపాగి అడిగింది.

"ఈడికి ఏం పని మీద వచ్చినారక్కా?"

"బంధువులున్నారు," అన్నాను. "చూసి పోదామని వచ్చాను."

"అందరూ బాగుండారా?"

"బాగున్నారు."

ఆ రోజు పొద్దున్న వకీలు దగ్గర గుర్తు లేదన్న రెండు మాటలు పలకడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు అబద్ధాలు అడిగీ అడగగానే వచ్చేశాయి. ఆమె సంతోషంగా తలూపి, నిద్రకు కళ్ళు మూసుకుంది. నంద్యాల దాకా నేను మెలకువగానే ఉన్నాను.